దారం తెగితే ఆగే మగ్గం

గల్ఫ్‌కి వెళ్లొచ్చినవాళ్లున్న ఏ ఖాందాన్‌లోనైనా టొయోటా పేరు తెలియని బచ్చా ఉండడు. కఫీల్ దగ్గర హైలక్స్ నడిపిన చిన్నాన్నో, ల్యాండ్ క్రూజర్ కడిగీ కడిగీ చివరికి దానికే డ్రైవరైన మామూనో ఎవరో ఒకరు ఉంటారు. ఈద్‌కి ఇంటికొచ్చినప్పుడు వాళ్లు చెప్పే కిస్సాల్లో ఆ బండ్ల తారీఫ్ తప్పకుండా వస్తుంది. ఇసుకలో కూరుకుపోయినా, ఇంజిన్ ఆయిల్ మార్చడం మర్చిపోయినా, ఎండ యాభై డిగ్రీలు కొట్టినా బండి ఆగదని. ఆగని బండి అని పేరు తెచ్చుకున్న ఆ కంపెనీ పునాదిలో ఉన్నది మాత్రం ఆగిపోయే యంత్రం. అదీ కారు కాదు, మగ్గం. ఆ మగ్గం తారీఖ్ మన ఇళ్లలో చెప్పుకోదగ్గదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. మనలో నేత నేసినవాళ్లూ, దూది ఏకినవాళ్లూ, లేత్ తిప్పినవాళ్లూ, మోటార్ షెడ్లలో పానా పట్టినవాళ్లూ ఎక్కువ కాబట్టి.

ముందు ఒక లఫ్జ్ గురించి. జపాన్ వాళ్లు 'కైజెన్' అంటారు. రెండు అక్షరాల మాట, మంచివైపు మార్పు అని అర్థం. మేనేజ్‌మెంట్ పుస్తకాలు దాన్ని ఏదో గొప్ప మంత్రంలా మోస్తుంటాయి గానీ, మన జుబాన్‌లో దానికి సరిపోయే మాట ఎప్పటినుంచో ఉంది: ఇస్లాహ్. రాజకీయాల్లో వాడే పెద్ద ఇస్లాహ్ కాదు, ఉస్తాద్ షాగిర్ద్‌కి ఇచ్చే ఇస్లాహ్. 1905లో హైదరాబాద్‌లోనే కన్నుమూసి, నాంపల్లి దర్గా యూసుఫైన్‌లో నిద్రిస్తున్న దాగ్ దెహ్లవీ దగ్గరికి దేశం నలుమూలల నుంచీ షాగిర్ద్‌లు గజళ్లు పోస్టులో పంపేవాళ్లు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇక్బాల్ కూడా అలా పంపాడు. ఇస్లాహ్ అంటే గజల్‌ని చింపేసి ఉస్తాద్ కొత్తది రాసిపెట్టడం కాదు. ఒక లఫ్జ్ మార్చడం, ఒక మిస్రా సర్దడం. షేర్ షాగిర్ద్‌దే, మెరుగు ఉస్తాద్‌ది. గజల్ ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక మగ్గం సంగతి.

సాకిచీ టొయోదా 1867లో జపాన్‌లో హమానా సరస్సు దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. తల్లి మిగతా ఊరి ఆడవాళ్లలాగే ఇంట్లో మగ్గం మీద నేసేది. పడుగులోంచి నాడెను ఒక చేత్తో తోయడం, రెండో చేత్తో అందుకోవడం, పేకను బిగించి కొట్టడం, మళ్లీ తోయడం. నేత ఇళ్లలో పుట్టినవాళ్లకి ఆ చప్పుడు చెప్పక్కర్లేదు. కొడుకు వడ్రంగం నేర్చుకుంటూనే తల్లి మగ్గాన్ని చూస్తూ కూర్చునేవాడు. 1890లో టోక్యోలో పెద్ద పారిశ్రామిక నుమాయిష్ జరిగితే రోజూ వెళ్లి యంత్రాల ముందు నిలబడ్డాడు. ఆ ఏడాదే ఒక కొయ్య చేతిమగ్గం చేశాడు. 1891లో దానికి పేటెంట్ వచ్చింది. అది చేసిందల్లా ఒక్కటే: రెండు చేతుల పనిని ఒక చేతికి తగ్గించింది. బట్ట సాపుగా వచ్చింది, అదే సమయంలో సుమారు సగం ఎక్కువ నేత దిగింది.

గౌర్ చేయండి. తల్లి సరిగ్గా నేయడం లేదని ఆయన అనుకోలేదు. ఆమె చేతులకి మగ్గం సరిగ్గా లేదనుకున్నాడు. నా లెక్కలో ఈ తారీఖ్ మొత్తం ఈ ఒక్క మలుపు మీద నిలబడి ఉంది.

తర్వాత ఆవిరితో, కరెంటుతో నడిచే మగ్గాల మీద పడ్డాడు. మరమగ్గంతో ఒక ముసీబత్ ఉంది. చేతిమగ్గం మీద పేక తెగితే నేసేవాడి వేలికే తెలిసిపోతుంది. మరమగ్గానికి వేలు లేదు. పోగు తెగినా అది అలాగే కొట్టుకుంటూ పోతుంది, గజాలకొద్దీ ఖరాబ్ బట్ట తయారవుతుంది. అందుకే ప్రతి మగ్గం పక్కనా ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషి చేసే పని ఏమిటయ్యా అంటే, యంత్రం తప్పు చేస్తుందేమోనని రోజంతా దాని ముఖం చూస్తూ నిలబడటం. సాకిచీ 1896లో చేసిన మరమగ్గంలో పేక తెగితే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లు దాన్ని సవరిస్తూనే పోయాడు. 1924లో వచ్చిన జి టైపు మగ్గం పడుగు పోగు తెగినా ఆగుతుంది, పేక తెగినా ఆగుతుంది. కండె అయిపోతే వేగం తగ్గకుండానే కొత్త నాడెను తానే తెచ్చుకుంటుంది. ఒక్క మనిషి ముప్పై మగ్గాల దాకా చూసుకోవచ్చు.

ఇలాంటి యంత్రానికి జపనీస్‌లో ఒక మాట ఉంది, జిదోకా. 'తనంతట తాను కదలడం' అని రాసే మామూలు మాటలోనే 'కదలడం' అనే అక్షరానికి పక్కన మనిషి గుర్తు చేర్చి రాస్తారు. పలుకు మారదు, అర్థం మారుతుంది. ఒక్క నుఖ్తా కిందికి జారితే ఖుదా కాస్తా జుదా అవుతుందని చిన్నప్పుడు మన ఉర్దూ ఉస్తాద్‌లు భయపెట్టేవాళ్లు గుర్తుందా? అలాగే ఇక్కడ ఒక మనిషి గుర్తుతో 'కదలడం' కాస్తా 'పనిచేయడం' అయింది. తప్పు జరుగుతోందని తెలుసుకుని ఆగగలిగినప్పుడే యంత్రం పనిచేస్తున్నట్టు. లేకపోతే ఊరికే కదులుతున్నట్టు. ఆఫీసుల్లో మనుషుల విషయంలోనూ ఈ తేడా నేను చాలా చూశాను, ఖైర్.

ఇక్కడ ఒక మాట దాటేసి పోకూడదు. ఆ రోజుల్లో జపాన్ బట్టల మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా బీద రైతుల కూతుళ్లు. డార్మిటరీల్లో పెట్టి, చాలా గంటలు పనిచేయించుకుని, చాలాచోట్ల తండ్రి తీసుకున్న అడ్వాన్సు కింద జీతం జమ వేసుకునేవాళ్లు. ఒక్క పిల్ల ముప్పై మగ్గాలు చూడగలిగితే మిగిలిన ఇరవై తొమ్మిది మంది ఇళ్లకెళ్లి విశ్రాంతి తీసుకోలేదు. తల్లి చెయ్యి నొప్పి తగ్గించడానికి మొదలైన మగ్గం మిల్లుకి చేరేసరికి మునాఫా లెక్కలో భాగమైంది. ఈ రెండు ముఖాలూ ఆ యంత్రానివే.

1929లో ఇంగ్లండ్ ఓల్డమ్‌లోని ప్లాట్ బ్రదర్స్ ఆ మగ్గం హక్కుల కోసం లక్ష పౌండ్లకి ఒప్పందం చేసుకుంది. లంకాషైర్ మిల్లులకి యంత్రాలు చేసి పంపిన కంపెనీ అది. మన దేశపు నేతగాళ్ల రోజీ మీద ఆ మిల్లుబట్ట ఎలా పడిందో మన పెద్దవాళ్లకి తెలుసు. అలాంటి కంపెనీ ఒక వడ్రంగి కొడుకు దగ్గరికి హక్కులు కొనడానికి రావడం చదివినప్పుడు, ఒప్పుకుంటాను, నాకు కొంచెం మజా వచ్చింది. మరుసటి ఏడాది సాకిచీ పోయాడు. ఆ డబ్బుతోనే కొడుకు కీచిరో కార్ల పని మొదలుపెట్టాడని కంపెనీ వాళ్లు చెప్పుకుంటారు. ఒక కార్ల కంపెనీ నిలబడటానికి అదొక్కటే చాలిందా అంటే కాదు, మగ్గాల ఫ్యాక్టరీ సంపాదన చాలా ఏళ్లు అందులో పోశారు. 1937లో టొయోటా మోటార్ విడి కంపెనీ అయింది. 'కావలసింది, కావలసినప్పుడు, కావలసినంతే' తయారు చేయాలనే ఖయాల్ కీచిరోదే. యుద్ధం వచ్చి అన్నిటినీ ఊడ్చేసింది.

అసలు కథ 1950లో ఉంది.

యుద్ధంలో ఓడిన జపాన్‌లో అమెరికా సైన్యం సలహాదారులు ద్రవ్యోల్బణం అణచడానికి డబ్బు బిగించేశారు. కార్లు అమ్ముడుపోలేదు, అప్పులు పెరిగాయి, జీతాలు ఆగాయి. బ్యాంకులు ఆదుకోవడానికి ముందుకొచ్చాయి గానీ షరతులు పెట్టాయి. మనుషుల్ని తీసేయనని యూనియన్‌కి చెప్పిన కంపెనీ 1950 ఏప్రిల్‌లో 1,600 మందిని స్వచ్ఛందంగా వెళ్లమని అడిగింది. రెండు నెలలు హర్తాళ్లు, గొడవలు. చివరికి సుమారు రెండు వేల మంది వెళ్లిపోయారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయినందుకు కీచిరో కూడా కుర్చీ వదిలేశాడు. అదే జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది, అమెరికా సైన్యం వేల ట్రక్కులకి ఆర్డర్లు ఇచ్చింది. కంపెనీ దగ్గర ఆర్డర్లున్నాయి, మనుషులు లేరు. మళ్లీ మనుషుల్ని తీసుకుంటే మళ్లీ తీసేయాల్సి వస్తుందేమోనన్న భయం ఉంది. కీచిరో 1952లో తిరిగి రాకుండానే పోయాడు.

తక్కువమందితో ఎక్కువ ట్రక్కులు. ఈ మజ్బూరీ లోంచే ఆ ప్రసిద్ధ పద్ధతి పుట్టింది. పుస్తకాల్లో దీన్ని జపాన్ సంస్కృతి అనీ, తూర్పు దేశాల ఓపిక అనీ రాస్తుంటారు. నాకు నమ్మకం కుదరదు. ఓపిక సంస్కృతిలో ఉంటే 1950లో రెండు నెలల హర్తాళ్ ఎక్కడినుంచి వచ్చింది?

ఆ పద్ధతికి మిస్త్రీ తాయిచీ ఓనో. 1912లో చైనాలోని దాల్యన్‌లో పుట్టాడు, మొదట టొయోదా వాళ్ల నూలు మిల్లులో పనిచేసి 1943లో మోటారు కంపెనీకి వచ్చాడు. మిల్లులో ఒక పిల్ల పాతిక ముప్పై మగ్గాలు చూసుకోవడం చూసినవాడికి, మోటారు ఫ్యాక్టరీలో ఒక లేత్‌కి ఒక మనిషి నిలబడి ఉండటం వింతగా కనిపించింది. యుద్ధం అయ్యాక మెషిన్ షాపులో ఒక మనిషికి రెండు యంత్రాలు ఇచ్చాడు, తర్వాత మూడూ నాలుగూ. యంత్రాల్ని గుర్రపు లాడం ఆకారంలో చుట్టూ పెట్టించాడు. పాత హునర్ ఉన్న కారీగర్లు ఎదురుతిరిగారు. తిరగరా మరి? టర్నర్ టర్నరే, మిల్లింగ్ చేసేవాడు మిల్లింగే అని జీవితమంతా ఒక పనిలో ఇజ్జత్ సంపాదించుకున్నవాళ్లు. ఓనో మెత్తటి మనిషి కాదు, షాపులో ఆయన గొంతు వింటేనే జనం వణికేవాళ్లట. మేనేజర్లనీ ఇంజినీర్లనీ నేల మీద సుద్దముక్కతో గీసిన గుండ్రంలో గంటలకొద్దీ నిలబెట్టి, ముందు జరుగుతున్నది చూడు, తర్వాత మాట్లాడు అనేవాడు.

కానీ ఆయన నేర్పిన ఒక అలవాటు కోసం నేను ఆయన కరకుదనాన్ని కొంతైనా మాఫ్ చేస్తాను. ఏదైనా ఆగిపోతే ఐదుసార్లు 'ఎందుకు' అని అడగాలి. ఆయన పుస్తకంలో రాసుకున్న ఉదాహరణే చూడండి. మెషిన్ ఆగింది. ఎందుకు? లోడు ఎక్కువై ఫ్యూజ్ పోయింది. లోడెందుకు ఎక్కువైంది? బేరింగ్‌కి నూనె అందలేదు. ఎందుకు అందలేదు? నూనె పంపు సరిగ్గా తోడటం లేదు. ఎందుకు? పంపు షాఫ్ట్ అరిగిపోయి ఊగుతోంది. ఎందుకు అరిగింది? జల్లెడ లేదు, ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజ్ మార్చి ఊరుకుంటే నాలుగు రోజుల్లో మళ్లీ పోతుంది. పదిరూపాయల జల్లెడ పెడితే అయిపోయే పని.

ఈ ఐదు జవాబుల్లో ఎక్కడైనా మనిషి పేరు వచ్చిందా? రాలేదు. మన దగ్గర మొదటి ప్రశ్నే వేరు: ఎవడు చేశాడు?

మా మామూ విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద ముప్పై ఏళ్లు గడిపారు. ఆయన పదమూడేళ్ల వయసులో చేరిన షెడ్డులో జాబ్ పాడైతే సేఠ్ నోటి నుంచి వచ్చే మొదటి మాట 'ఎవడ్రా?' అనే. చెంపదెబ్బ దాని వెనకే వచ్చేది. అందుకని కుర్రాళ్లు ఒక హునర్ నేర్చుకున్నారు, టర్నింగ్ కంటే ముందే: పాడైన ముక్కని స్క్రాప్ డ్రమ్ము అడుగున, మిగతా ఇనుప రజను కింద దాచేయడం. 'అరే, నెల తిరిగేసరికి డ్రమ్ము తూకం వేస్తే పాతసామాను వాడికే లాభం బేటా, మా సేఠ్‌కి ఎక్కడ నుఖ్సాన్ అవుతోందో ఎప్పటికీ తెలియలేదు' అని మామూ నవ్వుతూ చెప్పేవారు. ఆయన సొంతంగా లేత్ పెట్టుకున్నాక పాడైన ముక్కల్ని మేకుకి తగిలించి గోడకి వేలాడదీసేవారు, ఎవరు పాడుచేశారన్నది రాయకుండా. పని నేర్చుకోవడానికొచ్చిన ప్రతి కుర్రాడికీ ముందు ఆ గోడ చూపించేవారు. ఆయన ఓనో పేరు ఎప్పుడూ విని ఉండరు.

మనుషుల్ని తీర్చిదిద్దే విషయానికి వస్తే, టొయోటా చాలా భాగం బయటినుంచి తెచ్చుకుంది. యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి లక్షలమంది కొత్త మజ్దూర్లు వచ్చిపడ్డారు, ఎన్నడూ యంత్రం ముట్టని ఆడవాళ్లతో సహా. వాళ్లకి తొందరగా పని నేర్పడానికి అక్కడి ప్రభుత్వం సూపర్‌వైజర్ల కోసం ఒక తర్బియత్ పెట్టింది. పని ఎలా నేర్పాలి, పని పద్ధతిని ఎలా మెరుగుపరచాలి, మనుషులతో ఎలా మెలగాలి అని మూడు భాగాలు. షాగిర్ద్ నేర్చుకోలేదంటే ఉస్తాద్ సరిగ్గా నేర్పలేదని అర్థం అన్నది దాని ఉసూల్. యుద్ధం అయిపోగానే 1945లో అమెరికా దాన్ని మూసేసింది. ఓడిన జపాన్‌కి అదే అమెరికా అధికారులు పట్టుకొచ్చారు, టొయోటా 1951లో తీసుకుంది. మజ్దూర్ల నుంచి సలహాలు తీసుకునే పద్ధతి కూడా అదే ఏడాది మొదలైంది, దాన్ని డెట్రాయిట్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసొచ్చినవాళ్లు తెచ్చారు. ఒకరు పారేసింది ఇంకొకరు కళ్లకద్దుకున్నారు.

లెక్కల సంగతీ అంతే. ఒక పని ఎంతవరకు మామూలుగా ఊగిసలాడుతుంది, ఎప్పుడు నిజంగా గాడి తప్పింది అని గీత గీసి చూపించే చార్టుని అమెరికాలో వాల్టర్ షూహార్ట్ 1924లో తయారుచేశాడు. సాకిచీ జి టైపు మగ్గం వచ్చిన ఏడాదే, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ షూహార్ట్ మహలనోబిస్ పిలిస్తే 1947–48లో మన దేశానికి వచ్చి నెలలపాటు తిరిగి చెప్పాడు. ఆయన శిష్యుడిలాంటి డెమింగ్ జపాన్ ఇంజినీర్లకి పాఠాలు చెప్పింది 1950లో. అంటే ఈ ఇల్మ్ మన గుమ్మం తట్టింది ముందే. మనకి అది స్టాటిస్టిక్స్ క్లాసుగా మిగిలింది. వాళ్లు ఇంకో అడుగు వేశారు. 1962లో కావోరు ఇషికావా ఆధ్వర్యంలో ఫోర్‌మన్ల కోసం ఒక చవక పత్రిక మొదలుపెట్టి, దాన్ని షాపులో నలుగురైదుగురు కలిసి కూర్చుని చదవమన్నారు. చదివి, తమ పనిలోని ఒక సమస్య తీసుకుని, లెక్కలు తామే రాసుకుని, కారణం తామే వెతకమన్నారు. వాటినే క్వాలిటీ సర్కిళ్లు అన్నారు. చార్టు ఇంజినీరు టేబుల్ మీంచి దిగి మజ్దూర్ చేతికి వచ్చింది.

ఇదే కాలంలో జరిగిన ఒక చిన్న వాకయా నాకు అన్నిటికంటే ఇష్టం. షిగియో షింగో అనే ఇంజినీరు ఫ్యాక్టరీలు తిరుగుతూ తప్పులు జరగకుండా చిన్న చిన్న ఏర్పాట్లు చెప్పేవాడు. 1961లో ఒకచోట ఒక స్విచ్ తయారీలో సమస్య వచ్చింది. ఆ స్విచ్‌లో రెండు బుల్లి స్ప్రింగులు పెట్టాలి, పనివాళ్లు అప్పుడప్పుడు ఒకటి మర్చిపోయేవాళ్లు. జాగ్రత్త, జాగ్రత్త అని మేనేజర్లు అరిచేవాళ్లు, కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. షింగో చెప్పింది ఇంతే: ముందు ఒక చిన్న పళ్లెంలో రెండు స్ప్రింగులు పెట్టుకోండి, తర్వాత బిగించండి. బిగించాక పళ్లెంలో ఒకటి మిగిలిందంటే పెట్టడం మర్చిపోయినట్టే. మర్చిపోవడం మనిషి గుణం, దాన్ని తిట్టి మార్చలేం, పళ్లెం పెట్టగలం.

ఇలాంటి ఏర్పాట్లకి మొదట ఆయన పెట్టిన పేరు 'బాకా-యోకె'. అంటే బేవకూఫ్ తప్పు చేయకుండా అడ్డం అని. 1963లో ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి ఏర్పాటు పెట్టి ఆ పేరు చెప్పినప్పుడు, అక్కడ పార్ట్‌టైమ్ పనిచేసే ఒక అమ్మాయి ఏడ్చేసింది. నేను అంత బేవకూఫ్‌నా అని. మరుసటి రోజు పనికి రాలేదు. షింగో ఆలోచించి పేరు మార్చాడు: 'పోకా-యోకె', పొరపాటుకి అడ్డం. ఏర్పాటులో ఒక్క మేకు మారలేదు. ఈ రోజు ప్రపంచమంతా వాడే ఆ ఇంజినీరింగ్ మాట ఒక మజ్దూర్ అమ్మాయి కన్నీళ్ల వల్ల అలా ఉంది, ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు.

మన గడ్డకి ఈ హవా హైదరాబాద్ మీదుగానే వచ్చింది. 1980–81 ప్రాంతంలో రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో దేశంలోనే మొదటిసారి క్వాలిటీ సర్కిళ్లు పెట్టారు. ఎస్.ఆర్. ఉడ్పా అనే అధికారి దానికి ముందు నిలిచారు. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఇక్కడే పుట్టింది. ఈ సంగతి హైదరాబాదీలకే చాలామందికి తెలియదు. చార్మినార్, బిర్యానీ గురించి చెప్పుకునే గర్వంలో దీనికీ కొంచెం చోటివ్వొచ్చు. 1986లో మసాకీ ఇమాయ్ 'కైజెన్' అనే పుస్తకం రాశాక ఆ మాట ప్రతి కంపెనీ గోడ మీదా వెలిసింది.

గోడ మీద వెలియడం వేరు, అమలు వేరు. నేను ఉద్యోగంలో తొలిరోజుల్లో పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో గేటు పక్కన పచ్చరంగు సలహాల పెట్టె ఉండేది. దాని పైన కైజెన్ అని పెద్ద అక్షరాలు. ప్యాకింగ్‌లో పనిచేసే ఒక అక్క, అట్టపెట్టెల దొంతర నడుము ఎత్తులో పెడితే రోజుకి వందలసార్లు వంగనక్కర్లేదని తెలుగులో చీటీ రాసి వేసింది. ఆరు నెలలు ఏ జవాబూ లేదు. తర్వాత ఆడిట్ వచ్చినప్పుడు పెట్టె తెరవాలని చూస్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియలేదు. తాళం పగలగొట్టారు. లోపల ఆమె చీటీతో పాటు ఇంకో పదకొండు ఉన్నాయి, అగర్‌బత్తీ పుల్లలు కూడా. చీటీలు లెక్కపెట్టి, పన్నెండు సలహాలు వచ్చాయని రిపోర్టులో రాశారు. పెట్టెల దొంతర మాత్రం నేలమీదే ఉంది.

లోపం మనవాళ్లలో ఉందంటారా? అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ వాళ్ల ఫ్యాక్టరీ ఒకటుండేది. హర్తాళ్లకీ, గైర్‌హాజరీకీ, డ్యూటీలో తాగడానికీ బద్నామ్ అయింది. 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి మళ్లీ తెరిచినప్పుడు ఎక్కువగా ఆ పాతవాళ్లనే, ఆ యూనియన్‌నే తీసుకున్నారు. వాళ్లలో వందలమందిని జపాన్ పంపి పని చూపించారు. ప్రతివాడి నెత్తి మీదా ఒక తాడు వేలాడదీశారు, తప్పు కనిపిస్తే లాగొచ్చు, లైన్ ఆగుతుంది. పాత రోజుల్లో లైన్ ఆపినవాడి ఉద్యోగం ఉండేది కాదు. కొద్దికాలంలోనే అక్కడి కార్లు జపాన్‌లో చేసినవాటితో పోటీపడ్డాయి. మనుషులు వాళ్లే. లైన్ ఆపితే ఇప్పుడు సూపర్‌వైజర్ వచ్చి అడిగే మొదటి ప్రశ్న మారింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది కంపెనీ కరపత్రం అవుతుంది. కథలో చేదు భాగం ఉంది.

1972లో సతోషీ కమాతా అనే జర్నలిస్టు టొయోటాలో సీజనల్ మజ్దూర్‌గా చేరి, నెలలపాటు లైన్ మీద పనిచేసి, మరుసటి ఏడాది పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పేరులోనే నిరాశ ఉంది. ప్రతి మెరుగుదల తర్వాత లైన్ వేగం ఎలా పెరుగుతుందో, పక్కవాడు ఎలా తగ్గిపోతాడో, రాత్రికి వేళ్లు ఎలా ముడుచుకోవో అందులో ఉంది. మూడు సెకన్లు మిగిల్చే ఉపాయం మజ్దూర్ చెబుతాడు. ఆ మూడు సెకన్లు ఎవరివి? షేర్ షాగిర్ద్‌దే అని ముందు చెప్పాను. ఇక్కడ షేర్ ఉస్తాద్ దీవాన్‌లోకి వెళ్లిపోయింది.

2002 ఫిబ్రవరిలో, తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు, టొయోటా సుత్సుమి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ల ఒక ఉద్యోగి డ్యూటీలోనే కుప్పకూలి చనిపోయాడు. కార్ల నాణ్యత చూసే పని అతనిది. ఇద్దరు చిన్న పిల్లలు. భార్య అది పనిభారం వల్ల వచ్చిన మరణమని లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టింది. జపాన్‌లో దానికి పేరే ఉంది, కరోషీ. ఆఖరి నెలలో ఎన్ని గంటలు అదనంగా పనిచేశాడన్నదే ముఖద్దమా అంతా. ఎందుకంటే షిఫ్టు అయ్యాక క్వాలిటీ సర్కిల్ మీటింగులు, సలహాలు రాయడం, వాటికి లెక్కలు కట్టడం, ఇవన్నీ స్వచ్ఛందం అనీ, తన ఇష్టంతో తన ఎదుగుదల కోసం చేసుకున్నవనీ, పని కిందికి రావనీ లేబర్ ఆఫీసు లెక్క. అలా తీసేస్తే అదనపు గంటలు సగానికి కూడా రావు.

ఆమె ప్రభుత్వం మీద కేసు వేసింది. కంపెనీ పేరు మీదే ఊరున్న ఇలాకాలో, చుట్టుపక్కల అందరి రోజీ ఆ కంపెనీతో ముడిపడి ఉన్నచోట, ఒక బేవా అలా కోర్టు మెట్లెక్కడం ఎంత కష్టమో ఊహించుకోండి. 2007 నవంబర్ 30న నగోయా జిల్లా కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆఖరి నెలలో 106 గంటలకి పైగా అదనపు పని జరిగిందనీ, క్వాలిటీ సర్కిల్‌లో కూర్చున్న సమయం కంపెనీ వ్యాపారానికి నేరుగా పనికొచ్చేదే కాబట్టి అది పనేననీ చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్లలేదు.

2008 జూన్ నుంచి టొయోటా సర్కిల్ గంటల మీద ఉన్న పరిమితి తీసేసి, వాటికి పూర్తి ఓవర్‌టైమ్ ఇవ్వడం మొదలుపెట్టింది. సర్కిళ్లు పుట్టి అప్పటికి నలభై ఆరేళ్లు.